చెవి అందింది

వద్దండీ వదినగారూ, ఆ గది గుమ్మంలో నిలబడి ఆ మంచం వంక అలా చూడకండి. ఇలా వచ్చి కూర్చోండి ముందు. బాపట్లలో ఎక్కిన బండిని చుండూరు దగ్గర నిలబెట్టేశాడంటగా, పొద్దున ఫోన్లో మీ అమ్మాయి అంటుంటే విన్నాను. ఆ ప్యాసింజరు బతుకే అంత.

మీ మనవడా? అదిగో, సోఫా పక్కన చాప మీద. ఇప్పుడే కళ్ళు మూతలుపడ్డాయి, లేపకండి. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని వెల్లకిలా పడుకోవడం వాడంతట వాడే నేర్చుకున్నాడు, నాలుగేళ్ళ వెధవ. చూశారా, నేల మీదే. అంత మేడ మంచం కొన్నారు, చివరికి వాణ్ణి మోస్తోంది నా పాత ఈతచాప.

ఉండండి, కాఫీ పెడతాను. అయ్యో, మీరెందుకు లేస్తారు? సరే, ఎలాగూ లేచారు కాబట్టి ఆ పై అరలో పంచదార డబ్బా ఉంది, అది కాస్త అందుకోండి. మీరు పొడగరి కదా. మిగతాది నేను చూసుకుంటాను లెండి.

జుట్టా? పొద్దున తలంటుకున్నానండి. ఇంకా ఆరలేదు, అందుకే ఇలా వదిలేశాను.

ఎలా జరిగిందంటారా? మీ అమ్మాయికి చెప్పిందే మీకూ చెబుతాను. నేను వంటింట్లో ఉన్నాను. ఇదిగో, ఇక్కడే, ఈ పొయ్యి దగ్గరే. వాడు మధ్యాహ్నం పడుకుని లేచినట్టున్నాడు. దబ్బుమని చప్పుడైంది. పరిగెత్తుకెళ్ళేసరికి కింద ఉన్నాడు. అంతే. అంతకన్నా చెప్పడానికేముంది?

అసలు అడగాల్సింది అది కాదండీ. ఈ మంచం ఇంట్లోకి ఎట్లా వచ్చింది, పసివాణ్ణి దాని నెత్తికి ఎవరెక్కించారు, అది అడగండి. అది అడిగే నాథుడే లేడు ఈ తెనాల్లో.

ఆ చిన్నగదిలో ఇదివరకు నా మంచం ఉండేది, మీరు చూశారు. చెరుకుపల్లిలో అద్దిల్లు ఖాళీ చేసి వచ్చేటప్పుడు నేను తెచ్చుకున్నది అదొక్కటే. వెడల్పు మంచం. నేనూ వాడూ దాని మీదే. వాడి కాళ్ళు నా పొట్ట మీద, నా పైటకొంగు వాడి గుప్పిట్లో. ఎవరికేం నష్టం చెప్పండి? మీ అల్లుడికి, మా ప్రసాదుకి కష్టమొచ్చింది. ఎవరో స్నేహితుడింట్లో ఈ బంకు బెడ్డు చూశాడంట. పైన పిల్లాడు, కింద పెద్దవాళ్ళు, మధ్యలో నిచ్చెన. ఇక నిద్రపట్టలేదు మావాడికి.

పిల్లాడికి ఇండిపెండెంటుగా పడుకోవడం అలవాటవ్వాలంట. నేను అడిగాను, ఇండిపెండెంటు అయితే నా నెత్తిన ఎందుకురా, వేరే గదిలో వెయ్యండి అని. వేరే గది ఏదీ? తా దూర కంత లేదు మెడకో డోలు అన్నట్టు, ఆ అగ్గిపెట్టె గదిలో రెండంతస్తులు.

నేను గుడికి వెళ్ళొచ్చేసరికి నా మంచం లేదండీ. వాచ్‌మన్‌కి ఇచ్చేశారంట. నన్నొక మాటైనా అడగాలి కదా? అడగలేదు. పెద్ద పెద్ద అట్టపెట్టెలు, ఇద్దరు కుర్రాళ్ళు, మరమేకులు. చెక్క కాదండీ అది, చెక్కపొట్టుని జిగురేసి అదిమిన అట్ట. ఆ వాసన వారమైనా పోలేదు. పెయింటు డబ్బాలో తల పెట్టి పడుకున్నట్టు ఉండేది నాకు. చీ.

మీ అమ్మాయిని అనకూడదు, ప్రశాంతి అడిగింది ఒకమాట. పై పట్టె మీద ఒక స్టిక్కరు ఉంది, ఆరేళ్ళ లోపు పిల్లల్ని పైన పడుకోబెట్టొద్దని బొమ్మతో సహా. ఏవండీ, ఆరేళ్ళంట అంది. మావాడు గోటితో ఆ స్టిక్కరు గీకి పారేశాడు. చూడ్డానికి బాగాలేదంట. వీడు ఎల్కేజీలో ఏబీసీడీలు చివరిదాకా చెబుతున్నాడు, ఏం పర్లేదు అన్నాడు. ఏబీసీడీలకీ మంచానికీ ఏంటండీ సంబంధం? నిద్రమత్తులో జారిపోతుంటే ఎక్స్, వై, జెడ్ పట్టుకుంటాయా?

అప్పుడు మొదలైంది తమాషా. కింద వాటాలో ఉండే కరుణశ్రీ వచ్చి, పాలపళ్ళు ఊడటం మొదలుపెట్టాకే పైన పడుకోబెట్టాలి అంది. పనమ్మాయేమో, చెప్పులు ఏది ఏ కాలిదో తెలిస్తే చాలు అంది. ప్రసాదు ఆఫీసులో ఎవరో, భయం తెలిసే వయసు రాకముందే ఎక్కించాలి, ఆ తర్వాత ఎక్కరు అన్నాడంట. ఎవరి కొలబద్ద వాళ్ళది. పిల్లాడు మాత్రం నిచ్చెన పట్టుకుని వేలాడుతున్నాడు, రైలు, రైలు అంటూ.

ఎటూ తేలక చివరికి మా బావగారికి ఫోన్ చేశారు, రేపల్లెకి.

నాగమల్లేశ్వరరావుగారు. గుర్తులేదూ? మన పిల్లల పెళ్ళిలో మైకు వదలని మనిషి. మా ఆయనకి అన్నగారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు కదా, ఈ ఇంట్లో పిల్లికి పేరు పెట్టాలన్నా ఆయన్నే అడగాలి.

ఆయన చేతి కింద చెరుకుపల్లి చుట్టుపక్కల పిల్లలంతా బళ్ళో చేరారు, అది నిజమే. ఆ రోజుల్లో పుట్టిన తేదీలు ఎవరికి తెలుసు? పిల్లాణ్ణి నిలబెట్టి, కుడిచెయ్యి నడినెత్తి మీదుగా అటు పెట్టమనేవాడు. వేళ్ళకి ఎడమచెవి అందిందా, ఐదేళ్ళు నిండినట్టు. ఒకటో తరగతి. అందలేదా, పై ఏడు రా. చేర్చుకున్నవాళ్ళందరికీ జూన్ నెల రాసేసేవాడు. మా ప్రసాదు పుట్టింది కార్తీకమాసంలో, సర్టిఫికెట్లో చూడండి, జూన్. అక్కడ సగం ఊరు జూన్‌లోనే పుట్టింది.

ఇంకో సంగతి కూడా చెబుతాను, ఇది మా ఆయన నవ్వుతూ చెప్పేవాడు. ఒక్కో ఏడు పిల్లలు తక్కువైతే బడి ఎత్తేస్తారని బావగారికి బెంగ. అప్పుడు చెవి అందకపోతే ఆయనే వేలితో పిల్లాడి తల కాస్త ఇటు వంచేవాడంట. తల వంగితే ఎవరి చెవి అందదండీ?

సరే, వచ్చాడు. రేపల్లె బండి దిగి పదకొండింటికల్లా వచ్చి కూర్చున్నాడు. గోంగూర పప్పు, రొయ్యల ఇగురు, గడ్డపెరుగు. అన్నీ అయ్యాక బ్రేవుమని తేన్చి, కిళ్ళీ వేసుకుని, ఆ తెల్లటి వాష్‌బేసిన్లో ఎర్రగా ఉమ్మేశాడు. నీళ్ళు కూడా వదల్లేదు. దాన్ని నేనే కడిగాను, ముక్కు మూసుకుని. అదండీ మన న్యాయమూర్తి.

పిల్లాణ్ణి గోడకి ఆనించి నిలబెట్టాడు. ఏరా అనుదీపూ, చెయ్యి ఇలా పెట్టు అన్నాడు. వీడు పెట్టాడు. వేళ్ళు చెవి పైన ఉన్న జుట్టు దగ్గరే ఆగిపోయాయి. నేను కళ్ళారా చూశానండీ, నేనక్కడే ఉన్నాను తమలపాకుల పళ్ళెం పట్టుకుని. బావగారు ఒక్క క్షణం ఆగాడు. మంచం వంక చూశాడు. బిగించేశారు, బొట్లు పెట్టేశారు, పాత మంచం వెళ్ళిపోయింది. మా ప్రసాదు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు. అప్పుడు ఆయన చూపుడువేలు లేచింది. వీడి తల మీద ఆనించి, ఇంతే, ఇంతే వంచాడు. అలవాటైన చెయ్యి కదా.

అందింది అన్నాడు.

మావాడు చప్పట్లు కొట్టాడు. మంచం బిగించాక ముహూర్తం అడిగితే ఏ పంతులు మాత్రం కాదంటాడు?

నేను ఊరుకోలేదండీ. ఒక్కమాట అన్నాను. బావగారూ, ఎక్కడానికేముంది, పిల్లి కూడా ఎక్కుతుంది, దిగడం చూడండి అన్నాను. మెలకువలో కాదు. నిద్రలోంచి లేపి, ఉచ్చకి వెళ్ళి రమ్మనండి. నిచ్చెన వైపు మొహం పెట్టి వెనక్కి వెనక్కి వాడంతట వాడు దిగి, వెళ్ళి, మళ్ళీ ఎక్కితే, అప్పుడు ఎక్కించండి. అది నాలుగేళ్ళకు రానీండి, ఎనిమిదేళ్ళకు రానీండి.

దానికి ఆయనేమన్నాడో తెలుసా? "మాణిక్యాంబా, వేలమంది పిల్లల వయసు తేల్చినవాణ్ణి, నాకు చెబుతావా?"

అందరూ నవ్వారు. మీ అమ్మాయి కూడా నవ్వింది. ఏమనుకోకండి, ఉన్నమాట చెబుతున్నాను.

ఆ మంచానికి కొబ్బరికాయ కొట్టారు, మంచంకోళ్ళకి నిమ్మకాయలు కట్టారు. పిల్లాణ్ణి పైన కూర్చోబెట్టి ఫొటోలు తీసి స్టేటస్ పెట్టుకున్నారు. మీకూ వచ్చి ఉంటుంది ఆ ఫొటో. నేను కింద మంచంలో ఒక మూలకి ఉన్నాను, పడ్డానో లేదో తెలియదు.

ఇక ఆ తెల్లారి సంగతి. మీరు కాఫీ తాగుతున్నారు, చెప్పొచ్చో లేదో. వీడికి మెలకువొచ్చింది, కిందకి చూస్తే భయమేసింది, పిలవడానికి సిగ్గేసింది. పెద్దతాత అందిందన్నాడు కదా, తను పెద్దవాడు కదా. అక్కడే పోసేశాడు. అదంతా పరుపులోంచి, ఆ అట్ట సందుల్లోంచి కారి, నా దిండు మీదకి.

మనవడి ఉచ్చ నాకు రోతేంటండీ? పుట్టిన దగ్గర్నుంచి వాడి గుడ్డలు ఉతికినదాన్ని. నాకు రోత పుట్టింది వీళ్ళని చూసి. మీ అల్లుడు ముక్కు మూసుకుని గుమ్మంలో నిలబడి, అమ్మా, పడుకునే ముందు బాత్రూముకి తీసుకెళ్ళలేదా అన్నాడు. నా జుట్టు తడిసి మొహాన అంటుకుని ఉంది, నన్నడుగుతున్నాడు! ఆ పూటకి పరుపు తిప్పేశారు, ఒక రబ్బరు షీటు కొన్నారు. మంచాన్ని తుడిచారు, సెంటు కొట్టారు. పిల్లాణ్ణి కిందకి దించుదాం అన్న ముక్క మాత్రం ఎవరి నోటా రాలేదు. నేలవిడిచి సాము చేస్తే పరువు, నేల మీద పడుకుంటే తక్కువ.

పొద్దున్నే ప్రసాదు వాణ్ణి పై నుంచి సామాను దించినట్టు దించేసి ఆఫీసుకి వెళ్ళిపోయేవాడు. ప్రశాంతి తను పాఠాలు చెప్పే బడికి. మధ్యాహ్నం బడి ఆటో వీణ్ణి దింపాక ఇంట్లో ఉండేది మేమిద్దరమే. అన్నం తినిపించి, నాన్నా, నా దగ్గర చాప మీద పడుకో, కథ చెబుతాను అనేదాన్ని. ఊహూఁ. నాకు చెవి అందింది నానమ్మా, నేను పైనే అనేవాడు. ఆ ముసలాయన వేలు ఎంత పని చేసిందో చూశారా? వాడి నోట కూడా అదే మాట.

అట్లా అట్లా ఆ రోజొచ్చింది. చెప్పాను కదా, నేను వంటింట్లో ఉన్నాను.

ఆ తర్వాత చూడాలండీ వేడుక. చెయ్యి విరిగి కట్టుతో పిల్లాడింటికొస్తే, జనం. ఒకరు యాపిల్స్, ఒకరు హార్లిక్సు. కట్టు మీద పెన్నుతో సంతకాలు చేశారండీ, పెళ్ళి బహుమతుల మీద పేర్లు రాసినట్టు! ఇద్దరు కుర్రాళ్ళు మంచమెక్కి ఊగి చూశారు, గట్టిగానే ఉందే అని. ఒకావిడ పుత్తూరు కట్టుకి తీసుకెళ్ళమంటుంది, ఇంకొకాయన ఎముకలకి రొయ్యలే మంచివంటాడు. తింటూ మాట్లాడటం, మాట్లాడుతూ తినడం. పిల్లాడు నొప్పికి మూలుగుతుంటే వాడి మీంచే బిస్కెట్ల పళ్ళెం అటూ ఇటూ అందుకున్నారు. నాకు ఒళ్ళంతా కంపరం ఎత్తింది.

బావగారు? రాలేదు. ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాడు ప్రసాదు. నేను చెవి అందింది అన్నాను గాని మంచం ఎక్కించమన్నానా అన్నాడు. విన్నారా? రొయ్యల ఇగురు అరక్కముందే మాట మార్చేశాడు. పైగా, దెబ్బ తగిలితేనే మగపిల్లాడికి ధైర్యమొస్తుంది అన్నాడు. థూ. పెద్దవాడు కాబట్టి ఫోన్ కట్ చెయ్యలేదు, అంతే.

ఇంత జరిగినా మంచం పోతుందనుకున్నారా? పోదు. విప్పితే మళ్ళీ బిగదంట, అట్ట కదా. నిన్న రాత్రి భోజనాల దగ్గర తేల్చేశారు. కట్టు విప్పాక పిల్లాడు కింద.

మరి పైన ఎవరంటారా?

అదీ అడగాల్సిన మాట. మావాడు ముద్ద కలుపుకుంటూ, నా మొహం కూడా చూడకుండా అన్నాడు, "అమ్మా, రేపట్నుంచి నువ్వు పైన పడుకోవడం అలవాటు చేసుకో."

బరువు ఆగుతుందంట. రైల్లో పై బెర్తు ఎక్కలేదా ఎప్పుడూ అన్నాడు. మీ అమ్మాయి మజ్జిగ పోస్తూ, కావాలంటే నిచ్చెనకి గుడ్డ చుడదాం అత్తయ్యా, కాళ్ళు జారవు అంది. అదీ వాళ్ళ దయ. నాలుగేళ్ళవాడికి ఎంతమంది ఎన్ని కొలతలు తీశారు! పళ్ళు, చెప్పులు, ఏబీసీడీలు, చెవి. అరవై దాటినదానికి ఒక్క కొలతా లేదు. ఎక్కు, అంతే.

నేనా? సరే అన్నాను. ఇంకేమంటాను?

ఏంటి, నా చెయ్యి వంక చూస్తున్నారు?

ఎడమ చేత్తో పోశానా కాఫీ? ఏదో, అలా వచ్చేసింది. ఒక్కోసారి ఎడమ చేత్తో... 

మీరు అలా చూడకండి వదినగారూ. మీరు వచ్చిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నారు. పంచదార డబ్బా అందుకోమన్నప్పుడే మీకు అనుమానమొచ్చింది. నాకు తెలుసు.

సరే. లేవదండీ.

ఈ కుడిచెయ్యి. ఇదిగో, ఇంతవరకే. రొమ్ము దాటి పైకి రాదు. మొన్న వేసవిలో ఆవకాయ జాడీలు పై నుంచి దించినప్పుడు భుజంలో ఏదో కలుక్కుమంది. తగ్గుతుందిలే అనుకున్నాను. రోజురోజుకీ బిగుసుకుపోయింది. ఇప్పుడు తుప్పుపట్టిన తలుపు బందులా ఉంది. తల దువ్వుకోలేను. తలంటుకోలేదు నేను, ముడి వేసుకోవడం రాక వదిలేశాను. రోజూ వంగి, తల మంచానికి ఆనించి, ఒంటిచేత్తో ఎలాగో ఒక రబ్బరు బ్యాండు బిగించేదాన్ని. ఇవాళ అదీ కుదర్లేదు.

ఎందుకు చెప్పలేదా? మీరు అడుగుతున్నారా ఈ మాట?

ఈ ఇంట్లో నేనెందుకున్నాను చెప్పండి. పిల్లాడికి నీళ్ళుపోయడానికి, అన్నం పెట్టడానికి, ఆటో దిగితే ఎత్తుకోవడానికి. ప్రేమగానే చూస్తారు, లేదనను. కానీ ఎత్తుకోలేని నానమ్మని ఏం చేసుకుంటారు? చెరుకుపల్లిలో నాకు ఇల్లు లేదు. మంచం కూడా లేదు ఇప్పుడు. ఇందాక మీరు ఆటో దిగుతుంటే బాల్కనీలోంచి చూశాను. రెండ్రోజులుండి వెళ్ళేవాళ్ళకి అంత పెద్ద సంచి ఎందుకు? ప్రశాంతి రమ్మంది కదూ, ఉండిపొమ్మని? మీకు రెండు చేతులూ లేస్తాయి. మీరుంటే నేనెందుకు?

లేదు, లేదు, నాకు మీ మీద కోపం లేదండీ. కూర్చోండి. చెప్పనివ్వండి. మొదలుపెట్టాను కదా.

నేను వంటింట్లో లేను.

ఆ గదిలోనే ఉన్నాను, మంచం పక్కనే. వాడు లేచాడు. లేచి, ఆ పై మంచం అంచున నిలబడ్డాడు. ఆ కడ్డీ ఉంది చూడండి, వాడి మోకాలి దాకా కూడా రాదు. నానమ్మా, పట్టుకో అన్నాడు. వాడికి అది అలవాటు. సోఫా మీంచి, అరుగు మీంచి, ఎక్కడ నుంచైనా నా మీదకి దూకేవాడు. ఒక్కసారీ వదల్లేదు నేను వాణ్ణి. చిన్నప్పటి నుంచీ.

నిచ్చెన మీంచి దిగరా అని నోటిదాకా వచ్చింది. అంటే, ఎందుకు నానమ్మా అంటాడు. సాయంత్రం వాళ్ళమ్మతో చెబుతాడు, నానమ్మ పట్టుకోనంది అని. అది తట్టిందండీ నాకు అప్పుడు. ఆ ఒక్క క్షణంలో అదే తట్టింది. చేతులు చాచాను.

ఎడమది లేచింది. కుడిది ఇక్కడ ఆగిపోయింది.

వాడు అప్పటికే వచ్చేశాడు.

వాడు పడలేదండీ వదినగారూ. అందరూ పడ్డాడు పడ్డాడు అంటుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. వాడు నా చేతుల్లోకి వచ్చాడు. నా చెయ్యి వెళ్ళలేదు. అంతే జరిగింది.

ఆస్పత్రిలో డాక్టరు అడిగితే వాడు చెప్పాడు కూడా, నానమ్మ పట్టుకోలేదు అని. పాపం, నానమ్మ వంటింట్లో ఉందిగా నాన్నా, ఎలా పట్టుకుంటుంది అంది ప్రశాంతి. వాడు నా వంక చూశాడు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. ఇంకెప్పుడూ వాడు ఆ మాట ఎత్తలేదు. నాలుగేళ్ళవాడు. నన్ను కాపాడుతున్నాడో, నమ్మడం మానేశాడో, నాకు తెలియదు. ఇప్పుడు సోఫా దిగాలన్నా వెనక్కి తిరిగి, పట్టుకుని పట్టుకుని దిగుతున్నాడు. దిగడం నేర్చుకున్నాడు. నేను కోరింది అదేగా.

ఇందాకటి నుంచి అందర్నీ తిట్టాను, బావగారిని, మావాణ్ణి, మీ అమ్మాయిని. ఒక్క మాటా అబద్ధం కాదు. కానీ అందరికన్నా నా మీదే నాకు ఎక్కువ అసహ్యం. పొద్దున వాళ్ళు వెళ్ళాక అద్దం ముందు నిలబడి ఆయన పరీక్ష నేను పెట్టుకున్నాను. కుడిచెయ్యి, ఎడమచెవి. ఎడమది దేవుడెరుగు, ఇటు పక్కనున్న కుడిచెవే అందలేదు. తల వంచి చూశాను. బావగారి వేలు లేదుగా, అందలేదు. ఆ లెక్కన నేను ఒకటో తరగతికి కూడా పనికిరాను. ఇవాళ రాత్రికి ఆ నిచ్చెనేం పట్టుకుంటాను?

మీరు చెప్పదలచుకుంటే చెప్పండి. మీ అమ్మాయి, మీ మనవడు. మీకా హక్కుంది. నేను మిమ్మల్ని వద్దని అడగను.

అడగనన్నాను గాని... ఏంటి, ఎక్కడికి లేచారు? దువ్వెనా? ఆ కిటికీలో ఉంది. వద్దండీ, మీరు నాకు తల దువ్వడమేంటి, వియ్యపురాలు... అబ్బ, మెల్లగా. ఆ చిక్కు ఐదారు రోజులది. ఎవరైనా నా తల మీద చెయ్యి వేసి ఎన్నాళ్ళయిందో.

అదిగో, విన్నారా? మీ అమ్మాయి స్కూటీ. గేటు తీస్తోంది. కాస్త త్వరగా కానీండి వదినగారూ. ముడి మరీ గట్టిగా వద్దు, మరీ అందంగా వద్దు. కొంచెం వంకరగా ఉంచండి.

నేను వేసుకున్నట్టే ఉండాలి.